సమాచార వ్యవస్థల విద్య

మన విశ్వవిద్యాలయములలో వాణిజ్య శాస్త్రమును, నిర్వహణ శాస్త్రమును బోధించు పెక్కు కళాశాలలయందు నేడు ‘ఎం.ఐ.ఎస్.’ అను పాఠ్యాంశ మొకటి కానవచ్చుచున్నది. నిర్వహణ సమాచార వ్యవస్థలని దాని యర్థము. ఒక సంస్థలో పుట్టిన సమాచారమును ఎవరు వ్రాయవలెను, ఎక్కడ భద్రపరుపవలెను, ఎవరికి ఏ రూపమున నందజేయవలెను, దానినిబట్టి నిర్ణయ మెవరు చేయవలెను అనునవి దీని విషయములు. విషయము గొప్పదే. బోధన మాత్రము చాలచోట్ల నిర్వచనములతో నారంభమై నిర్వచనములతోనే ముగియుచున్నది. పారిభాషిక పదముల పట్టికను కంఠస్థము చేసిన విద్యార్థి ఉత్తీర్ణు డగుచున్నాడు. ఇట్టి చదువువలన దేశమునకు కలుగు నష్టము స్వల్పము కాదని మా యభిప్రాయము.

ఈ శాస్త్రము అమెరికాలో పెరిగినది. 1968లో మిన్నెసోటా విశ్వవిద్యాలయమున గోర్డన్ డేవిస్ ప్రభృతులు దీనికి ప్రత్యేక స్థానము కల్పించిరి. ఏ.సి.ఎం. అను అచ్చటి కంప్యూటరు శాస్త్రజ్ఞుల సంఘము 1972లో పై తరగతులకును, 1973లో పట్టపరీక్ష తరగతులకును మాదిరి పాఠ్యక్రమములను ప్రకటించెను. అవి పలుమారులు సవరింపబడినవి. 2010 నాటి క్రమమున ప్రోగ్రాము రచన తప్పనిసరి పాఠములనుండి తొలగి ఐచ్ఛిక మయ్యెను; 2020 నాటి క్రమమున మరల తప్పనిసరి యయ్యెను. వారిని నిందించుటకై ఈ మాట చెప్పుట లేదు. అనుభవమునుబట్టి మార్చుకొనుట వివేకులకు తగినదే. అయితే పదేండ్లలో తామే మార్చుకొనిన పట్టికను మనము వేదవాక్యమువలె శిరసావహింపనేల? మన యవసరములను మనమే విచారించుకొనరాదా?

ఈ చదువు ఎవరికి కావలెనను ప్రశ్నకు మన పాఠకులలో భూవసతి గలవారు తేలికగా సమాధానము చెప్పగలరు. తెలంగాణ ప్రభుత్వము 2020 అక్టోబరు 29న ధరణి యను భూరికార్డుల వ్యవస్థను ప్రారంభించెను. రిజిస్ట్రేషనును, పేరు మార్పును ఒకేచోట ముగించుట దాని యుద్దేశము. ఆ సౌలభ్యము నిజమైనదే, పలువు రనుభవించిరి. కాని పూర్వము పహాణీలో నుండిన అనుభవదారు గడి అందు లేకపోయెను. సర్వే నంబరులోనో, విస్తీర్ణములోనో, పేరులోనో తప్పు పడినచో దానిని దిద్దుటకు మొదట తహశీల్దారునకు అధికారము లేదు. రైతు కలెక్టరు కచేరికో, సివిలు కోర్టుకో పోవలసివచ్చెను. యంత్రము చెడిపోలేదు, తనకు చెప్పినట్లే చేసినది. అనుభవదారు గడిని తీసివేయుట పొరపాటున జరిగినది కాదు, ప్రభుత్వము తెలిసి చేసిన పని. మంచిదో చెడ్డదో వేరుమాట. ఒక గడిని ఉంచుటయన్న ఒకని మాటకు చోటిచ్చుట. దానిని తీసివేయుటయన్న ఆ చోటును హరించుట. ఈ సంగతి ఎరుగని ఇంజనీరు గడులను గీయును, ఎరుగని అధికారి వానిపై సంతకము చేయును. తుదకు 2025లో భూభారతి శాసనము వచ్చి అప్పీలు మార్గములను కల్పింపవలసి వచ్చినది. అయిదేండ్లలో కచేరీల చుట్టు తిరిగిన రైతుల కాలమునకు వెల కట్టువారు లేరు.

మన పల్లెల కీ విషయము క్రొత్తది కాదు. ఏ నంబరులో ఎవరు ఏ పైరు వేసిరో కరణము అడంగలులో వ్రాసెడివాడు. ఏటేట జమాబందీలో పై యధికారి ఆ లెక్కలను తనిఖీ చేసెడివాడు. వ్రాయువా డొకడు, పరీక్షించువాడు వేరొకడు. కరణముల యక్రమములను మేము మఱచిపోలేదు. వారి కలముపోటునకు భూములు గోల్పోయిన కుటుంబములు గలవు. 1984 జనవరిలో నాటి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ఆ పదవులను రద్దుచేయుటకు కారణములు లేకపోలేదు. అయినను లెక్క వ్రాయువానికి గల బల మెట్టిదో, దానికి కళ్లె మెట్లు వేయవలెనో నేర్చుకొనుటకు ఇంతకంటె మంచి పాఠము బోస్టను నగరమునుండి వచ్చు కేసుల పుస్తకములలో దొరకదు.

బ్యాంకులలోను ఇదే కథ. 2018 ఫిబ్రవరిలో బయటపడిన పంజాబు నేషనల్ బ్యాంకు మోసమున, ముంబయిలోని ఒక శాఖనుండి హామీ సందేశములు స్విఫ్ట్ మార్గమున పోయినవి. ఆ మార్గమునకును బ్యాంకు ప్రధాన లెక్కలకును లంకె లేదు. సందేశము పోయినది, లెక్కలో పడలేదు. మొదట వెల్లడియైన మొత్తమే 11,000 కోట్ల రూపాయలకు మించినది.

కావున పాఠ్యక్రమము నిర్ణయించువారు ఏమి చేయవలెను? ప్రోగ్రాము రచనయు, దత్తాంశములను పట్టికలుగా నమర్చు విద్యయు కొంతవర కందఱకు నేర్పవలసినదే. యంత్ర మేమి చేయగలదో తెలియనివాడు దానిని శాసింపలేడు. కాని నడుమ నుండవలసినది ఒక సంస్థయొక్క లెక్కను మొదటినుండి తుదివరకు వెంబడించి చూచు అభ్యాసము. విద్యార్థిని ఒక తహశీలు కచేరికో, మార్కెటు యార్డునకో, సహకార సంఘమునకో కొన్ని వారములు పంపి, ఒక కాగితము ఎవరిచేత పుట్టి ఎవరిచేతికి పోవుచున్నదో, తప్పు పడినచో ఎక్కడ దిద్దబడుచున్నదో వ్రాసికొని రమ్మనవలెను. ఆ పని ఇంగ్లీషులో సాగదు. రైతును, గుమాస్తాను, తూకము వేయువానిని ప్రశ్నించి వారి యవసరము తెలిసికొనుట తెలుగులోనే జరుగవలెను. పట్టభద్రుడై యుండియు తన యూరివాని మాటను విని ఒక పుటలో పెట్టలేని యువకులను మేము చూచుచున్నాము. ఇది వారి తప్పు కాదు. ఎవరును వారికి నేర్పలేదు.

ఉద్యోగము లిచ్చు కంపెనీలు సాఫ్టువేరు పనిముట్లు తెలిసినవారినే కోరుననియు, కాలము చాలదనియు కొంద రాక్షేపింతురు. కాలము చాలదనుట నిజము. 2020లో ఎం.సి.ఎ. చదువు మూడేండ్లనుండి రెండేండ్లకు తగ్గింపబడినది. కాలము తగ్గినపుడు విడువదగినది ఏది? నాలుగేండ్లలో మూలబడు పనిముట్టా, నలుబది యేండ్లు పనికివచ్చు విచక్షణయా? వాణిజ్య శాఖవారు ఈ పాఠము మాదనియు, కంప్యూటరు శాఖవారు మాదనియు వాదించుకొనుటలో గడచు గంటలను మిగిల్చినను కొంత కాలము కలిసివచ్చును.

పాఠ్యప్రణాళికా సంఘములలో పరిశ్రమల ప్రతినిధులకు స్థాన మిచ్చు వాడుక యిదివరకే యున్నది. అదే వరుసలో విశ్రాంతి గొనుచున్న తహశీల్దారు నొకనిని, సహకార బ్యాంకుల లెక్కలు తనిఖీ చేసిన వాని నొకనిని పిలిచి కూర్చుండబెట్టుటకు అడ్డ మేమియు లేదు. వచ్చు విద్యాసంవత్సరపు పాఠములు నిర్ణయమగుటకు ముందే ఆ పిలుపు పోవలెను.