ఫోను మార్చాలా, ఆగాలా? కోవిల్‌పట్టి కుర్రవాడు అడిగిన ప్రశ్న

“ఇప్పుడే మార్చేదా అయ్యా, ఇంకా కొంచెం నిలిచేదా?”

కోవిల్‌పట్టి శివారులోని అరుంధతీయుల వీధిలో సాయంత్రం కూడిక ముగిశాక ఒక కుర్రవాడు నన్ను పక్కకు పిలిచి ఈ మాట అడిగాడు. చదువు గురించో, బాప్తిస్మం గురించో అనుకున్నాను. కాదు, ఫోను గురించి. జేబులోంచి తీసి చూపించాడు. స్క్రీను మీద ఈ మూల నుంచి ఆ మూలకు పగులు. నాలుగేళ్ల నాటి ఫోను. పొద్దున ఛార్జింగు పెడితే మధ్యాహ్నానికి ఆరిపోతుందట. బస్టాండు దగ్గర షాపులో ఇరవై వేల ఫోను ఒకటి చూసి వచ్చాడు. నెలనెలా కట్టుకోవచ్చన్నారు. ఇప్పుడు కొనకపోతే ధర ఇంకా పెరుగుతుందని కూడా చెప్పి పంపారు.

పాస్టరుని అడగాల్సిన ప్రశ్నేనా ఇది అని మొదట నవ్వొచ్చింది. విరుదునగర్‌కు తిరుగు బస్సులో సాత్తూరు దాటేసరికి ఆ నవ్వు పోయింది. మన యవ్వనస్థుల కూడికల్లో దశమభాగం గురించి చెబుతాం, వ్యసనాల గురించి చెబుతాం. వాళ్లు చేసే అతి పెద్ద ఖర్చు గురించి మాత్రం ఒక్క ప్రసంగమూ చేయం. ఆ రాత్రి అతనికి నేను చెప్పిన జవాబు సగమే. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ ఊరి సంగతి. కోవిల్‌పట్టి, విరుదునగర్ వీధుల్లో తెలుగు వినబడుతుందని ఆంధ్ర, తెలంగాణ యువతలో చాలామందికి తెలియదు. విజయనగరం, మదురై నాయకుల కాలాల్లో దక్షిణానికి వెళ్లిన కుటుంబాలవి. 1799లో కయత్తారులో ఇంగ్లీషువాళ్లు ఉరితీసిన కట్టబొమ్మన వంశానిదీ తెలుగు మూలమే. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్‌లో పుట్టిన కి.రాజనారాయణన్, ఈ నల్లరేగడి నేలకు వలస వచ్చిన ఒక తెలుగు కుటుంబం కథను ‘గోపల్ల గ్రామం’ అనే తమిళ నవలగా రాశారు. అయితే తెలుగు మాట్లాడే అందరికీ అక్కడ భూమి దక్కలేదు. అరుంధతీయులకు దక్కినవి తోలుపని, చెప్పులు కుట్టే పని, ఆ తర్వాత మునిసిపాలిటీ చీపురు. మన మాదిగ సోదరుల కథే అక్కడ తమిళ లిపిలో నడుస్తోంది. షెడ్యూల్డ్ కులాల కోటాలో అరుంధతీయులకు 3 శాతం లోపలి రిజర్వేషను తమిళనాడు 2009లో ఇచ్చింది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణకు అనుమతిస్తూ తీర్పు చెప్పినప్పుడు ఇక్కడ మాదిగ వాడల్లోనూ అక్కడ ఈ వీధిలోనూ ఒకే రోజు మిఠాయిలు పంచుకున్నారు. నన్ను ఫోను గురించి అడిగిన కుర్రవాడు పాలిటెక్నిక్ రెండో సంవత్సరం. అతని ఇంట్లో బడి దాటిన మొదటి మనిషి.

వాళ్లకు తెలుగు మాట్లాడటం వచ్చు, రాయడం రాదు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, చేతిలో తమిళ బైబిలు. అందుకే ఒంగోలు వైపు ఉన్న తెలుగు స్నేహితులకు వాట్సాప్‌లో గొంతు రికార్డు చేసి పంపుతారు. తెలుగు క్రైస్తవ పాటలు ఆ పగిలిన స్క్రీను మీదే వింటారు. పెద్దవాళ్ల నోళ్లలో మాత్రమే బతికిన భాషకు ఆ ఫోను ఒక దారి తెరిచింది. ఫోనంటే విలాసమని తీసిపారేసే బోధకులు ఈ వీధికి ఒకసారి రావాలి. ప్రభుత్వాలు కూడా ఫోనును పేదల మీద తప్పనిసరి చేశాయి. 2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ పనుల్లో హాజరు యాప్‌లోనే వేయాలన్నారు. అంగన్‌వాడీ కార్యకర్తలు 2021 నుంచి పిల్లల బరువూ ఎత్తూ పోషణ్ ట్రాకర్‌లో ఎక్కిస్తున్నారు. ఫోను పాతబడి యాప్ తెరుచుకోకపోతే నష్టపోయేది పనిచేసే మనిషే. కాబట్టి కొత్త ఫోను కోరుకోవడం పాపమని నేను అనను.

లెక్క మాత్రం వేసుకుందాం. ఆ కుర్రవాడి తల్లి అగ్గిపెట్టెల పనికి వెళుతుంది. పెట్టెల లెక్కన కూలి. అగ్గిపెట్టె ధర 14 ఏళ్ల పాటు ఒక్క రూపాయి దగ్గరే నిలిచిపోయి 2021 డిసెంబరు 1న రెండు రూపాయలైంది. ఆ ఏడాది పత్రికలన్నీ దాన్ని వార్తగా రాశాయి. ఇరవై వేల ఫోనంటే షాపులో అమ్మే ధరకే పదివేల అగ్గిపెట్టెలు. గ్రోసుకు 144 చొప్పున దాదాపు 70 గ్రోసులు. అందులో తల్లి చేతికి వచ్చేది రెండు రూపాయల్లో ఒక చిన్న తునక. ఆ తునకలతో ఫోను కొనాలంటే ఎన్ని పెట్టెలు ఆమె చేతుల మీదుగా పోవాలో కాగితం మీద వేసి చూడమన్నాను. అతను వేయలేదు. తల వంచుకుని నవ్వాడు. మనసులో వేసుకునే ఉంటాడు.

కిస్తీల సంగతి అంతకంటే మోసం. ‘నో కాస్ట్ ఈఎంఐ’ అని బోర్డు ఉంటుంది. సున్నా వడ్డీ అనేదే లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. ఆ వడ్డీ ధరలోనో, వదులుకున్న తగ్గింపులోనో దాక్కుంటుంది. దాని మీద ప్రాసెసింగు ఫీజు, ఫీజు మీద జీఎస్టీ. కిస్తీ కట్టనివాళ్ల ఫోనుకు దూరం నుంచే తాళం వేసే వీలు అప్పిచ్చేవాళ్లకు ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఆలోచిస్తోందని 2025లో వార్తలు వచ్చాయి. బండిని ఎత్తుకుపోయినట్టు కాదిది. ఫోనుకు తాళం పడితే కూలి డబ్బు పడే యూపీఐ, కాలేజీ హాజరు, పని చెప్పే మేస్త్రీ పిలుపు అన్నీ ఒక్కసారే ఆగిపోతాయి.

ఇక ధర పెరుగుతుందన్న షాపు మాట అబద్ధం కాదు. ఏఐ డేటా సెంటర్ల కోసం మెమరీ చిప్‌లు తరలిపోవడంతో 2025 చివరి నుంచి వాటి ధరలు ఎగబాకాయి, ఫోన్ల ధరలూ వాటి వెంట నడుస్తున్నాయి. కొనక తప్పనివాడికి ఆగడం వల్ల నష్టమే. కానీ ఈ కుర్రవాడికి అసలు కొనక తప్పదా? అతని కష్టమంతా బ్యాటరీ. ఫోను బ్యాటరీ కొన్ని వందల సార్లు ఛార్జి అయ్యాక సత్తువ తగ్గడం దాని స్వభావం. నాలుగేళ్లకు అది అలసిపోతే ఫోను చచ్చినట్టు కాదు. వెయ్యి, రెండు వేలలో కొత్త బ్యాటరీ వేసే మనిషి అదే బస్టాండు దగ్గర ఉన్నాడు. పగులు చూడటానికి బాగుండదు, అంతే.

నేను చూడమన్నది ఇంకొకటి. సెట్టింగ్స్‌లోకి వెళితే సెక్యూరిటీ అప్‌డేట్ చివరిసారి ఏ తేదీన వచ్చిందో ఉంటుంది. ఆ అప్‌డేట్లు ఆగిపోయి ఏడాది దాటితే, అదే ఫోనులో బ్యాంకు లావాదేవీలు చేస్తుంటే, మార్చే ఆలోచన న్యాయమే. దొంగలు ముందు పడేది పేదవాడి ఖాతా మీదనే. కొత్తది కొనేటప్పుడు కూడా కెమెరాకు ఎన్ని కళ్లున్నాయి అని కాక, ఎన్నేళ్లు అప్‌డేట్లు ఇస్తారు అని అడగాలి. 2023లో పిక్సెల్ 8కు, 2024లో గెలాక్సీ ఎస్24కు ఏడేళ్లని ప్రకటించారు. అవి ఖరీదైన ఫోన్లు. చవక ఫోన్లకు చాలావాటికి రెండు మూడేళ్లే. తక్కువ ఉన్నవాడే తరచుగా కొనాల్సి వచ్చేలా ఈ బజారును కట్టారు. యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి అమ్మే ఫోన్లకు, ఆ మోడల్ అమ్మకం ఆపాక కనీసం ఐదేళ్లు అప్‌డేట్లు, ఏడేళ్లు విడిభాగాలు ఇవ్వాలని చట్టం వచ్చింది. మన దేశం 2022 డిసెంబరులో ‘రైట్ టు రిపేర్’ పోర్టల్ ఒకటి తెరిచింది. పోర్టల్‌కీ చట్టానికీ తేడా కోవిల్‌పట్టిలో బాగా తెలుస్తుంది.

ఎందుకంటే ఆ నేల ఈ పాఠం ఒకసారి చదివింది. శివకాశి, సాత్తూరు, కోవిల్‌పట్టి చుట్టూ అగ్గిపెట్టెల పనిలో ఒకప్పుడు వేల మంది పిల్లలుండేవారు. తెల్లవారకముందే బస్సులు ఊళ్లకు వచ్చి వాళ్లను ఎక్కించుకుపోయేవి. దేశమంతా ఆ అగ్గిపుల్లలతోనే పొయ్యి వెలిగించింది, మన చర్చిల్లో కొవ్వొత్తులూ వాటితోనే వెలిగాయి. ఎం.సి.మెహతా వేసిన కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 10న తీర్పిచ్చి, పిల్లలను పనిలో పెట్టుకున్న యజమాని ఒక్కో బిడ్డకు ఇరవై వేల రూపాయలు కట్టాలంది. ఇరవై వేలు! షాపులో ఉన్న ఆ ఫోను ధర. మూడు దశాబ్దాల కిందటి ఇరవై వేలు వేరు, ఒప్పుకుంటాను. అయినా ఆ అంకె నా బుర్రలోంచి పోవడం లేదు. పిల్లలు ఆ పని నుంచి చాలావరకు బయటికి వచ్చింది మనం అగ్గిపెట్టెలు కొనడం మానేసినందుకు కాదు. కోర్టు, బడి, విరుదునగర్‌లో పుట్టిన కామరాజ్ మొదలుపెట్టిన మధ్యాహ్న భోజనం, యంత్రాలు, ఊరూరా తిరిగిన కార్యకర్తలు, ఇవన్నీ కలిస్తే వచ్చారు.

ఆ బస్సులు ఇప్పుడు వేరే దేశంలో తిరుగుతున్నాయి. ఫోను బ్యాటరీలో వాడే కోబాల్ట్‌లో ప్రపంచానికి వచ్చేదాంట్లో మూడింట రెండొంతులకు పైగా కాంగో దేశానిది. అక్కడి గుంతల్లో పిల్లలు తవ్వుతున్నారని ఆమ్నెస్టీ సంస్థ 2016లో నివేదిక ఇచ్చింది. తూర్పు కాంగోలో కోల్టాన్ గనుల చుట్టూ సాయుధ ముఠాలు యుద్ధం చేస్తున్నాయి. ఆ యుద్ధంలో చెరచబడిన స్త్రీలకు బుకావు ఊళ్లో శస్త్రచికిత్సలు చేసే వైద్యుడు డెనిస్ ముక్వేగే ఒక పెంతెకొస్తు పాస్టరు కొడుకు. 2018లో నోబెల్ శాంతి బహుమతి అందుకుంటూ, తన దగ్గరా స్మార్ట్‌ఫోను ఉందని ఆయన ఆ సభలోనే ఒప్పుకున్నాడు. అందులోని ఖనిజాలు తమ నేలవని, వాటి వెనక ఉన్న మనుషుల బాధ చూడమని అడిగాడు. ఫోను విసిరేయమని అడగలేదు. నాకు ఆయన మాట నచ్చింది అందుకే.

దూరమెందుకు, మన పక్కనే చూడండి. 2021 డిసెంబరులో శ్రీపెరుంబుదూరు దగ్గర ఐఫోన్లు కూర్చే ఫాక్స్‌కాన్ కర్మాగారంలో పనిచేసే అమ్మాయిలు హాస్టల్ భోజనం తిని 250 మందికి పైగా జబ్బుపడ్డారు. తోటివాళ్లు వెళ్లి జాతీయ రహదారి మీద కూర్చున్నారు. కర్మాగారం కొన్ని వారాలు మూతపడింది. కోవిల్‌పట్టి లాంటి ఊళ్ల నుంచి కూడా పిల్లలు అలాంటి పనులకు వెళుతున్నారు. మా కుర్రవాడు డిప్లొమా అయ్యాక అటే పోవచ్చు. అప్పుడు ఫోను కొనేవాడుగానే కాదు, చేసేవాడుగా కూడా ఉంటాడు. కోతవాళ్ల కూలి ఆపితే ఆ కేక ప్రభువు చెవిని చేరుతుందని యాకోబు పత్రిక 5వ అధ్యాయంలో చదువుతాం. ఆ వాక్యాన్ని పొలం దగ్గరే ఆపేస్తాం. ఫ్యాక్టరీ గేటు దాకా తీసుకుపోం.

ఇక నా సంగతి. మూడేళ్ల కిందట నేను ఫోను మార్చాను. పాతది బాగానే పనిచేసేది. పాస్టర్ల సమావేశంలో బల్ల మీద అందరి ఫోన్ల పక్కన నాది పెట్టడానికి సిగ్గేసింది, అంతే కారణం. ఇంట్లో మాత్రం సంఘం ప్రసంగాలు రికార్డు చేయాలి కదా అన్నాను. మా ఆవిడ ఏమీ అనలేదు, అదే ఎక్కువ. బీరువా సొరుగులో ఇప్పటికీ మూడు పాత ఫోన్లున్నాయి. 2022లో ప్రపంచమంతా పారేసిన ఎలక్ట్రానిక్ చెత్త 6.2 కోట్ల టన్నులని ఐక్యరాజ్యసమితి లెక్క. అందులో పద్ధతి ప్రకారం సేకరించింది పావు వంతు కూడా లేదు. మిగిలినదాన్ని కాల్చి, యాసిడ్‌లో ముంచి రాగి తీసే చేతులు ఎవరివో మన దేశంలో అడగక్కర్లేదు. చీపురు ఎవరి చేతిలో ఉందో ఆ చేతులే.

ద్వితీయోపదేశకాండం 29వ అధ్యాయంలో, నలభై ఏళ్ల అరణ్యయాత్రలో ఇశ్రాయేలీయుల చెప్పులు అరగలేదని ఉంది. నేను దీన్ని అద్భుతంగానే ప్రకటించేవాణ్ని. ఆ కూడికలో ఒక పెద్దాయన, చెప్పులు కుట్టి ముగ్గురు పిల్లలను పెంచినవాడు, వేరేలా అన్నాడు. “అరగకుండా ఎవరో రోజూ కుట్టి ఉంటారు అయ్యా.” సెమినరీలో ఏ ప్రొఫెసరూ నాకు ఆ వ్యాఖ్యానం చెప్పలేదు. దాన్ని నేను ఒప్పుకున్నానని కాదు, కానీ మర్చిపోలేను.

ఆ కుర్రవాడికి ఆ రాత్రి చెప్పింది ఇంతే: బ్యాటరీ మార్చు, అప్‌డేట్ తేదీ చూడు, కిస్తీకి కట్టాలనుకున్న పదిహేడు వందలు ప్రతి నెలా అమ్మ సంఘంలో వేసుకో. అప్‌డేట్లు ఆగిన రోజు చేతి డబ్బుతో కొను.

రెండు నెలల తర్వాత వాట్సాప్‌లో అతని గొంతు వచ్చింది. బ్యాటరీ వేయించాడట. రాత్రి దాకా నిలుస్తోందట. రెండు నెలలు సంఘంలో వేశాడు, మూడో నెల చెల్లెలి పరీక్ష ఫీజుకు తీశాడు. పగులు అలాగే ఉందని చెప్పి, చివర్లో అడిగాడు: “మీ సొరుగులోని మూడు ఫోన్లు ఏమి చేస్తిరి అయ్యా?”

ఇంకా జవాబు పంపలేదు.