సున్నం మళ్లొచ్చింది

దసరా దగ్గర పడిందంటే మా ఇంట్లో గోడలకు సున్నం, గడపలకు జాజు. చేతులు పగిలేదాకా పూసేది మా అమ్మే. ఇరవై ఏళ్ల కింద స్నానాల గదికి టైల్స్ వేయించిన రోజు, గోడను కొంగుతో తుడిచి, "ఇగ దీనికి పూసుడు బాధ తప్పింది" అన్నది. పోయిన వేసవిలో ఆ టైల్స్‌కే నేను రంగు వేయించాను.

పగలగొట్టి కొత్తవి పెట్టించడానికి డబ్బు ఒక్కటే అడ్డం కాదు. సిమెంటుతో అతికిన టైలు ఒంటరిగా ఊడి రాదు, వెనకున్న ప్లాస్టరింగును వెంటేసుకొస్తుంది. గోడలోని పాత పైపుకు ఉలి తగిలిందంటే నల్లా పని, ఆ వెనక మళ్లీ గోడ పని. ఆ పెంకులన్నీ ట్రాక్టరుకెత్తితే చేరేది ఏ కాలువ గట్టుకో. పోనీ, పగిలిన రెండింటినే మారుద్దామంటే ఆ డిజైన్ దొరకదు. మనకొచ్చే టైల్స్ చాలా వరకు గుజరాత్‌లోని మోర్బీవి. వాటి పూలూ చారలూ చీరల అంచుల్లా మారిపోతుంటాయి. 2016లో మా ఊరు సుల్తానాబాద్ పెద్దపల్లి జిల్లాలోకి పోయినా నాకు పెద్ద కొనుగోళ్లన్నీ కరీంనగర్‌లోనే. అక్కడి దుకాణంలో నా చేతిలో ముక్క చూసి కుర్రాడు నవ్వాడు: "ఇది మా నాయిన కాలంది సార్."

సరే, రంగే వేద్దామనుకున్నాను. సున్నపు గోడ పూతను తాగుతుంది. టైలు పైపొర గాజులాంటిది, దేన్నీ లోపలికి రానివ్వదు. అందుకే ముప్పావు పని కుంచె ముట్టకముందే. ఏళ్ల సబ్బు జిడ్డు వదిలించాలి, గరుకు కాగితంతో మెరుపు చచ్చేదాకా రుద్దాలి, కడిగి బాగా ఆరనివ్వాలి. పట్టు కోసం ప్రైమర్. ఆపైన రెండు డబ్బాలు కలిపి వేసే ఎపాక్సీ. కలిపింది ఆ పూటే అయిపోవాలి, మిగిలితే డబ్బాలోనే రాయి. వేలితో తట్టితే బోలుగా మోగే టైలును ముందే చూసుకోవాలి. వెనక నుంచి చెమ్మ తీసే గోడకైతే ఇదంతా దండగ, పొక్కులొస్తాయి. అంతా అయ్యాక వారం దాకా నీళ్లు పడొద్దు. ఆ వారమంతా పక్కింటివాళ్ల స్నానాల గది అడుక్కోవాలని ఏ డబ్బా మీదా రాసి లేదు!

మా సుతారి ఒక్క మాట గట్టిగా చెప్పాడు: "గోడలకు ఏసుకోండ్రి సార్, కిందికి ఒద్దు. బకీటు ఈడుస్తరు, ఆసిడ్ పోస్తరు. ఇగ ఏముంటది?"

నిజమే. ఈ పని నేర్పే వీడియోల్లో గాజు తలుపు వెనకే షవరు, మిగతా నేల పొడి. మనది బకీటు, చెంబు, గది నిండా నీళ్లు. పైగా మా బోరు నీళ్లు ఆరిన చోటల్లా తెల్లటి ఉప్పు మరక. దానికి మనకు తెలిసిన మందు ఆసిడ్. అది మరకను కరిగిస్తూనే టైళ్ల సందుల్లోని సిమెంటునూ తింటుంది. ఆ సందుల్లోంచే నీళ్లు రంగు అడుగుకు చేరతాయి. సుతారి మాట విన్నాను. నేలను ముట్టలేదు.

అతనికీ తట్టనిది వెంటిలేటర్. రైస్ మిల్లుల ఊరు మాది. ఊక బూడిద గాలికి లేచొచ్చి తడి రంగు మీద వాలింది. ఒక గోడంతా నువ్వులు చల్లినట్టుంది. చుట్టాలు అదో డిజైన్ అనుకుంటున్నారు, నేను కాదనడం లేదు.

వేయించినందుకు చింత లేదు. "ఒక్కసారి వేస్తే ఇక చూడక్కర్లేదు" అనే అమ్మకందారు మాటే మింగుడు పడదు. మనం టైల్స్ కొన్నదే ఏటేటా పూసే పని తప్పుతుందని. వాటి మీద కుంచె పెట్టిన రోజే ఆ పని తిరిగి ఇంట్లోకొచ్చింది. నల్లా కింద, బకీటు అంచు తగిలే చోట, రూపాయి బిళ్లంత రంగు అప్పుడే లేచింది. రెండు డబ్బాల్లోనూ అడుగున కొంత కలపకుండా దాచి ఉంచాను. అమ్మను పిలిచి చూపిస్తే గోటితో గీకి చూసింది.

"దసరకు పూస్తువు తియ్యి" అన్నది.