విత్తనం పెట్టేది మేము, సంతకం పెట్టేది పటేలా?



పోయిన ఏడు మా మండలంలోని ఒక ఊరికి విదేశీ సంస్థ ప్రాజెక్టు వచ్చింది. "ఆహార భద్రత కోసం రైతు సంఘాలతో భాగస్వామ్యం" అని బ్యానరు కట్టారు. జీపులు దిగాయి. పొద్దున్నే డప్పు కొట్టించారు, కొట్టింది మన మాదిగ పిల్లగాళ్లే. వాడ నుంచి నలభై మంది ఆడవాళ్లు కైకిలి ఎగ్గొట్టుకొని వచ్చి జంపఖానా మీద కూర్చున్నారు. ఫోటోలు తీసుకున్నారు. తీరా సంఘంలో పేర్లు రాసేటప్పుడు "పట్టా పాసుబుక్కు ఉన్నోళ్లే చెయ్యెత్తండి" అన్నాడు ఆ సారు. కుర్చీల్లో కూర్చున్నవాళ్ల చేతులే లేచాయి. ఒక పెద్దమ్మ నిలబడి "సారూ, నలభై ఏండ్ల సంది ఈ ఊరి విత్తనం నా చేతుల మీద పడ్డది. నేను రైతును గానా?" అని అడిగింది. ఆయన నవ్వి "నీకు కూలీల స్కీము వేరే ఉంటదమ్మా" అన్నాడు.

మేమూ అక్కడే ఉన్నాం. ఆ నవ్వు మాకింకా మంట పుట్టిస్తోంది.

ఎవరు రైతు? 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద సాగుదారులు 11.9 కోట్లు, వ్యవసాయ కూలీలు 14.4 కోట్లు. అంటే సేద్యంలో ఎక్కువ చేతులు కూలీలవే. దళితుల్లో పని చేసేవాళ్లు నూరు మంది ఉంటే దాదాపు 46 మంది పొలం కూలీలే. భూమి లెక్క తీస్తే మన చేతిలో ఉన్నది నూటికి తొమ్మిది ఎకరాలు కూడా లేదు. ఈ భూమి ఎవరి చేతికి ఎట్లా పోయిందో మీకు మేం చెప్పాలా? దున్నేవాడికి కాగితం లేదు, కాగితం ఉన్నవాడు దున్నడు. 2018లో తెలంగాణలో రైతుబంధు మొదలైతే ఆ పైసలూ పట్టాదారుకే పోయాయి. కౌలుకు చేసేవాడు చూస్తూ నిలబడ్డాడు.

కాగితం సంగతే మాట్లాడదాం. మన కేంద్ర ప్రభుత్వమే 2007లో జాతీయ రైతుల విధానం రాసి, రైతు అంటే కూలీ కూడా, కౌలుదారు కూడా, పాలికాపు కూడా అని ఒప్పుకుంది. 2018 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి గ్రామీణ శ్రామికుల హక్కుల ప్రకటన చేసింది. మొదటి అధికరణంలోనే భూమి లేనివాళ్లనూ కూలికి పోయేవాళ్లనూ చేర్చింది. అనుకూలంగా 121 దేశాలు ఓటేస్తే అందులో మనదీ ఉంది. కాదన్నవి ఎనిమిది. ఆ ఎనిమిదిలో అమెరికా, బ్రిటన్ ఉన్నాయి. మనకు తిండి పెడతామని వచ్చే డబ్బు ఎక్కువగా ఏ దిక్కు నుంచి వస్తుందో గుర్తు పెట్టుకోండి.

రోములో ఆహార వ్యవసాయ సంస్థ ఉంది. 2013లో అది లా వియా కంపెసినా అనే చిన్న రైతుల అంతర్జాతీయ ఉద్యమంతో ఒప్పందం చేసుకుంది. సంతోషం. 2020లో పురుగుమందుల కంపెనీల కూటమి క్రాప్‌లైఫ్‌తోనూ ఒప్పందపత్రం రాసుకుంది. మందు అమ్మేవాడూ భాగస్వామే, మందు కొట్టి కళ్లు తిరిగి పడేవాడూ భాగస్వామే!

మనల్ని అడిగితే ఏం చెప్తామో ఒకసారి రుజువైంది. చంద్రబాబు ప్రభుత్వం మెకిన్సీ కంపెనీతో రాయించిన విజన్ 2020లో సేద్యం మీద బతికే జనాన్ని నూటికి 70 నుంచి 40కి దించుతామన్నారు. ఆనాటి సంస్కరణలకు బ్రిటన్ సహాయం ఇచ్చింది. 2001లో మెదక్ జిల్లాలో ప్రజాతీర్పు జరిగింది. జూరీలో ఎక్కువమంది చిన్న, సన్నకారు సేద్యం చేసేవాళ్లు, ఆడవాళ్లు. దళితులు, ఆదివాసులు ఉన్నారు. అధికారులు, కంపెనీల వాళ్లు, శాస్త్రవేత్తలు చెప్పిందంతా వాళ్లు ఓపికగా విన్నారు. కూలి పోగొట్టే యంత్రాలు వద్దు, జన్యుమార్పిడి విత్తనం వద్దు, మమ్మల్ని పల్లె నుంచి తరమొద్దు అని తీర్పు చెప్పారు. మరుసటి ఏడే, 2002లో, ఢిల్లీ బీటీ పత్తికి అనుమతి ఇచ్చింది. విన్నదెవరు?

మరి మన చేతికిస్తే ఏమైతది? జహీరాబాద్ దిక్కు పోయి చూడండి. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత అక్కలు 1990లలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ డబ్బుతో బీడు భూములు సాగులోకి తెచ్చారు. అప్పు పైసల్లో కాదు, జొన్నల్లో తీర్చారు. ఆ జొన్నలు ఊళ్లోనే నిలవచేసి, పని దొరకని నెలల్లో తక్కువ ధరకు ఇచ్చారు. ఏ ఇల్లు ఎంత బీదదో ఆఫీసరు రాయలేదు, ఊరివాళ్లే కూర్చుని తేల్చారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ వాళ్లకు ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. బహుమతి ఇవ్వడం వచ్చినవాళ్లకు మా ఊళ్లో రిజిస్టరు రాయడం ఎందుకు రాదు?

కొందరు రైతు సంఘం మిత్రులు మాకు నీతి చెప్తున్నారు. "ఇప్పుడు కులం తెస్తే రైతు కూలీ ఐక్యత చెడిపోతది" అని. అయ్యా, కూలి రేటు పెంచమన్న రోజు ఈ ఐక్యత ఎక్కడ పోయింది? బాబాసాహెబ్ 1947లోనే "స్టేట్స్ అండ్ మైనారిటీస్"లో చెప్పాడు: భూమి ప్రభుత్వానిది కావాలి, కులభేదం లేకుండా ఊరివాళ్లు కలిసి సాగు చెయ్యాలి, భూస్వామీ కౌలుదారూ భూమిలేని కూలీ ఎవరూ ఉండొద్దు అని. ఐక్యత కావాలంటే ఆ లెక్కన రండి.

మీ ఊరికి ఇట్లాంటి ప్రాజెక్టు వస్తే మూడు సంగతులు అడగండి. సంఘం రిజిస్టరులో వాడ పేర్లు ఎన్ని? బ్యాంకు ఖాతా మీద సంతకం ఎవరిది? గింజలు ఎవరి ఇంట్లో నిలవ ఉంటాయి? జవాబు గ్రామసభలో, అందరి ముందర చెప్పమనండి. రాయించుకోండి. చదువు రానివాళ్లకు మా బడిపంతుళ్లం వచ్చి చదివి వినిపిస్తాం.

వచ్చే నెల మా దగ్గరికి జీపులు మళ్లీ వస్తాయట. ఈసారి రిజిస్టరు ముందు తెరిస్తేనే డప్పు కొడతామని పిల్లగాళ్లు చెప్పేశారు. పెద్దమ్మ మాత్రం జంపఖానా మీద కూర్చోనంటోంది. తన కుర్చీ తానే తెచ్చుకుంటదట.