సంతోషం కూడా పౌరహక్కే

వేసవి సెలవులు మొదలయ్యాయంటే గోదావరి ఒడ్డున ఉన్న సారపాకలో రెండు ప్రయాణాల మాట వినిపిస్తుంది. మొదటిది వంతెన దాటి అవతలి ఒడ్డున ఉన్న భద్రాచలానికి. శ్రీరామనవమి కల్యాణం నాడు నలుదిక్కుల నుంచి వచ్చే జనంతో ఆ పట్టణం నిండిపోతుంది. రెండోది సుమారు మూడు వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న హైదరాబాదుకు. పిల్లలకు చార్మినార్ చూపించాలి, జూపార్కు చూపించాలి, ఖాలా ఇంట్లోనో ఫుప్పు ఇంట్లోనో నాలుగు రోజులు గడపాలి. 1970 దశకం చివర కాగితపు మిల్లులో ఉత్పత్తి మొదలైన తరువాత నానా ప్రాంతాల నుంచి, నానా మతాల నుంచి కార్మికులు వచ్చి స్థిరపడిన ఊరు సారపాక. అక్కడి ముస్లిం కుటుంబాల్లో మెజారిటీకి సెలవుల విహారమంటే ఈ రెండే.

మైనారిటీ హక్కుల కోసం నడిచే పత్రిక సంపాదకీయంలో విహారాల ప్రస్తావన ఏమిటని కొందరు పాఠకులకు అనిపించవచ్చు. వక్ఫ్ భూములు, రిజర్వేషన్లు, స్కాలర్‌షిప్పులు, అక్రమ కేసులు, ఇలా రాయవలసినవి ఎన్నో ఉన్నాయి. వాటిని మేము విడిచిపెట్టలేదు, విడిచిపెట్టబోము. అయితే ఒక సమాజం ఎంత స్వేచ్ఛగా బతుకుతున్నదో తెలియాలంటే అది కోర్టుల ముందు ఎలా నిలబడిందో చూసి ఊరుకుంటే చాలదు. ఆదివారం సాయంత్రం ఉద్యానవనంలో ఎలా కూర్చుంటున్నదో కూడా చూడాలి. భయం లేకుండా, అనుమానపు చూపులు లేకుండా, బిడ్డల చేయి పట్టుకుని జాతరలో నడవగలగడం పౌరసత్వానికి గట్టి గీటురాయి.

1948లో ఐక్యరాజ్యసమితి ప్రకటించిన విశ్వ మానవ హక్కుల ప్రకటన 24వ అధికరణం విశ్రాంతిని, తీరికను ప్రతి మనిషి హక్కుగా గుర్తించింది. 1989 నాటి బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణం ఆటపాటలను బిడ్డల హక్కుగా చెప్పింది; ఆ ఒడంబడికను భారతదేశం 1992లో అంగీకరించింది. వీటన్నిటి కంటే మనకు దగ్గరిది మన రాజ్యాంగమే. 15వ అధికరణం రెండో నిబంధన ప్రకారం దుకాణాలు, భోజనశాలలు, హోటళ్లు, ప్రజా వినోద స్థలాలలోకి ప్రవేశించడానికి, ప్రజల కోసం ఉన్న బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు, విహార స్థలాలను వాడుకోవడానికి మతం, కులం, లింగం వంటి కారణాలతో ఏ పౌరుడికీ ఆటంకం కల్పించరాదు. అంటరానితనపు గాయాలు ఎరిగిన పెద్దలు రాసిన మాట అది. నీటికి, దారికి ఉన్న హక్కు పక్కనే వినోదానికి ఉన్న హక్కును కూడా వారు చేర్చారు. ఆ చేర్పులోని లోతును మనం ఇప్పటికీ పూర్తిగా గ్రహించలేదు.

సారపాక నుంచి హైదరాబాదు వెళ్లే ప్రతి కుటుంబం గోల్కొండ కోటను తప్పక చూడాలని మేము కోరుతాము. ఆ కోటలో రామదాసు బందీఖానా ఉంది. సారపాకకు చేరువలోని పాల్వంచ పరగణాకు తహశీలుదారుగా పనిచేసిన కంచర్ల గోపన్న ప్రభుత్వ పైకంతో భద్రాచల ఆలయం కట్టించి, అబుల్ హసన్ తానీషా కాలంలో అక్కడే చెరసాల పాలయ్యాడు. తానీషా 1672 నుంచి 1687 వరకు గోల్కొండను ఏలిన చివరి కుతుబ్‌షాహీ సుల్తాను. రామలక్ష్మణులే వచ్చి ఆ బాకీ తీర్చారని, అది చూసి సుల్తాను మనసు మారిందని భక్తులు చెప్పుకునే కథ తెలుగువారందరికీ తెలుసు. కల్యాణ తలంబ్రాలకు ముత్యాలు పంపే ఆచారం ఆయనతోనే మొదలైందని సంప్రదాయం చెబుతున్నది. నేటికీ రాష్ట్ర ప్రభుత్వం తరఫున నవమి నాడు పట్టువస్త్రాలు, ముత్యాల తలంబ్రాలు సమర్పిస్తారు.

ఈ చరిత్రను తీపి కథగా మార్చవలసిన పని లేదు. చెరసాల కూడా నిజమే, ముత్యాలు కూడా నిజమే. ఒక ముస్లిం పాలకుడు తన ఖజానా లెక్క అడిగాడు. ఆయన పేరే ఒక హిందూ ఉత్సవపు ఆచారంలో గౌరవంగా నిలిచిపోయింది. ఆ రెంటినీ కలిపి చూసిన బిడ్డకు తన ఊరి పండుగ ఎవరిదో ఒకరు వచ్చి చెప్పవలసిన అవసరం ఉండదు. ఆ ముత్యాలలో తన వారి జ్ఞాపకం కూడా ఉన్నదని ఆ బిడ్డకు తెలుస్తుంది.

ఇదే నవమికి హైదరాబాదులో మరో దృశ్యం కూడా ఉంది. గత కొన్నేళ్లుగా శోభాయాత్ర సాగే దారిలో సిద్ది అంబర్ బజార్ మసీదు వంటి ప్రార్థనా స్థలాలను ముందుగానే పెద్ద గుడ్డలతో కప్పి ఉంచుతున్నారు. శాంతిభద్రతల కోసమే ఆ ఏర్పాటు అని అధికారుల సమాధానం. రంగులు, రాళ్లు పడకుండా కాపాడుకోవడానికేనని స్థానికుల సమాధానం. రెండు సమాధానాలనూ మేము తోసిపుచ్చము. కానీ ఒక పండుగ వస్తున్నదంటే మరొకరి ప్రార్థనా స్థలం ముఖం దాచుకోవలసి రావడం మామూలు విషయమైపోతే, నగరం ఏదో పోగొట్టుకుంటున్నట్టే. భద్రాచలంలో ముత్యాలు పంపిన సంప్రదాయానికి హైదరాబాదులో గుడ్డ కప్పుకోవలసి రావడానికి మధ్య ఉన్న దూరం మూడు వందల కిలోమీటర్లు కాదు. మన కాలపు రాజకీయమే ఆ దూరం. భక్తితో సాగే ఊరేగింపుకు మసీదు అడ్డు కాదు. రెచ్చగొట్టే పాటలను, నినాదాలను అదుపు చేస్తే గుడ్డల అవసరమే ఉండదు.

పండుగ అంటే చూసి ఆనందించేది మాత్రమే కాదు, పదిమందికి కూడు పెట్టేది కూడా. జాతరలో గాజులు, బొమ్మలు, షర్బత్తు, మిఠాయి అమ్ముకునే చిరువ్యాపారులలో ముస్లింలు ఎందరో ఉన్నారు. వారిని దూరం పెట్టాలన్న పిలుపులు 2022లో కర్ణాటక ఆలయ జాతరల్లో గట్టిగా వినిపించాయి. మన తెలుగు నేల మీద అంతకంటే ముందే ఆ పని కాగితాల మీద జరిగింది. ఆలయాల దుకాణాల వేలంలో హిందువులు కానివారు పాల్గొనరాదంటూ 2015లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. 2019లో హైకోర్టు దాన్ని సమర్థించింది. శ్రీశైలంలో ఏళ్ల తరబడి దుకాణాలు నడుపుకుంటున్న ముస్లిం వ్యాపారులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పు అమలును నిలిపివేసి, మతం ఒక్కటే కారణంగా ఎవరినీ వేలం నుంచి, లీజుల నుంచి మినహాయించరాదని 2021 డిసెంబరులో స్పష్టం చేసింది. చిన్న దుకాణదారులు పట్టు విడవకుండా నిలబడి సాధించిన ఊరట ఇది. గోదావరి తీరపు జాతరల్లో అంగడి పెట్టుకునే ప్రతి వ్యాపారి ఈ సంగతి తెలుసుకోవాలి.

ఇక నగరం మాట. ఖమ్మం, కొత్తగూడెం వైపు నుంచి వచ్చే కుటుంబం మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లో దిగితే, అక్కడి నుంచి మెట్రో రైలులో హైటెక్ సిటీ దాకా హాయిగా వెళ్లవచ్చు. కూతవేటు దూరంలో ఉన్న చార్మినార్‌కు మాత్రం ఆటో బేరమాడుకోవలసిందే. 2020 ఫిబ్రవరిలో జూబ్లీ బస్‌స్టేషన్ నుంచి వచ్చిన మెట్రో మార్గం మూసీ దగ్గరే ఆగింది. పాతబస్తీ మీదుగా ఫలక్‌నుమా వరకు పొడిగింపునకు 2024 మార్చిలో శంకుస్థాపన జరిగింది. నగరానికి పేరు తెచ్చిన కట్టడాలున్న చోటికే మెట్రో చివరగా రావడం యాదృచ్ఛికమని మేము అనుకోము.

పాతబస్తీ అంచున బహదూర్‌పురాలో ఉన్న నెహ్రూ జంతు ప్రదర్శనశాల 1963లో ప్రారంభమైంది. 380 ఎకరాల ఆ పచ్చదనమే పేద, మధ్యతరగతి ముస్లిం కుటుంబాలకు ఈద్ విహారం. పండుగకు, ఆ మరునాటికి అక్కడ ఇసుక వేస్తే రాలనంత జనం ఉంటారు. ఆ రద్దీ ఒక ఉత్సాహం, ఒక ఫిర్యాదు కూడా. మరో చోటు లేకనే అందరూ అక్కడికి వస్తున్నారు. 2021లో ట్యాంక్‌బండ్ మీద ఆదివారం సాయంత్రాలు వాహనాలను ఆపి దారిని నడిచేవారికి వదిలారు. అదే ఏడాది అక్టోబరులో ‘ఏక్ శామ్ చార్మినార్ కే నామ్’ పేరుతో చార్మినార్ ముందు కూడా అటువంటి సాయంత్రాలు మొదలుపెట్టారు. అవి పోలీసుల దయతో వచ్చే వేడుకలుగా మిగలరాదు. నగరపాలక సంస్థ బాధ్యతగా స్థిరపడాలి.

2006లో సమర్పించిన సచార్ కమిటీ నివేదికలో, బుర్ఖా ధరించిన స్త్రీలు బజార్లలో, ఆసుపత్రులలో, బస్సులలో తమతో మర్యాద లేకుండా ప్రవర్తిస్తున్నారని చెప్పిన మాటలు నమోదయ్యాయి. విహారానికి బయలుదేరిన తల్లికి ఆ చిన్నచూపు ఒక్కసారి ఎదురైతే చాలు, మరుసటి ఏడు ఆమె ఇల్లు కదలదు. అలా ఎవరూ నిషేధించకుండానే ఒక సమాజం బహిరంగ స్థలాల నుంచి వెనక్కి తగ్గుతుంది.

అయితే ఆ తల్లిని ఇంట్లో ఉంచేది బయటివారు మాత్రమేనా? ఈద్ సాయంత్రం మగపిల్లలు మోటారు సైకిళ్ల మీద ఊరంతా తిరిగి వస్తారు. ఆడపిల్లలు షీర్‌ఖుర్మా గిన్నెలు కడుగుతూ వంటింట్లో మిగిలిపోతారు. దానికి ధర్మాన్ని సాకుగా చూపేవారికి ఒక హదీసు గుర్తు చేస్తాము. ఈద్ రోజున మదీనా మసీదులో అబిసీనియావారు బల్లేలతో విన్యాసాలు చేస్తుంటే, ప్రవక్త (స) హజ్రత్ ఆయిషా (ర)ను తన వెనుక నిలబెట్టుకుని, ఆమెకు తనివి తీరేదాకా చూడనిచ్చారని సహీహ్ బుఖారీ చెబుతున్నది. స్త్రీలను, కన్నెపిల్లలను సైతం ఈద్‌గాహ్‌కు తీసుకురమ్మన్న ఆదేశం కూడా హదీసులలోనిదే. భూమి మీద సంచరించి చూడమని ఖుర్ఆన్ పదే పదే పిలుపునిస్తున్నది. ఆ పిలుపు మగవారికి మాత్రమే అని ఎక్కడా లేదు.

ఖర్చు మాట కూడా చెప్పుకోవాలి. అప్పు చేసి ఊళ్లు తిరగమని మేము అనడం లేదు. కానీ ఒక్క పూట వలీమాకు లక్షలు అప్పు చేసే ఇళ్లలో, బిడ్డలకు ఏడాదికి ఒక్కసారి మ్యూజియం చూపించడానికి డబ్బు లేదనడం సరికాదు. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద తెలంగాణ ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు ప్రయాణం ఉచితం. తల్లీకూతుళ్లు గుర్తింపు కార్డు వెంట పెట్టుకుంటే సారపాక నుంచి నగరానికి టికెట్టు ఖర్చు లేకుండా వెళ్లిరావచ్చు. సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం, జూపార్కుకు సోమవారం సెలవు అన్నది గుర్తుంచుకుంటే శ్రమ తప్పుతుంది. జుమా నమాజు మక్కా మసీదులో చేసుకుని, శనివారం మ్యూజియం, ఆదివారం గోల్కొండ చూసి తిరుగు బస్సు ఎక్కవచ్చు.

2025లో రంజాన్ పండుగ మార్చి 31న, శ్రీరామనవమి ఏప్రిల్ 6న, బక్రీద్ జూన్ 7న వచ్చాయి. చాంద్రమానం ప్రకారం మన పండుగలు ఏటా పదకొండు రోజుల వరకు ముందుకు జరుగుతాయి గనుక, ఇంకా కొన్నేళ్ల పాటు బక్రీద్ వేసవి సెలవులలోనే వస్తుంది. ఈ అవకాశాన్ని ప్రభుత్వమూ మనమూ ఉపయోగించుకోవాలి. నవమికి ప్రత్యేక బస్సులు నడిపినట్టే ఈద్‌కూ, ఆ మరునాటికీ నగరంలోని విహార స్థలాలకు అదనపు బస్సులు వేయాలి. ఆ చోట్ల స్త్రీలకు శుభ్రమైన మరుగుదొడ్లు, మంచినీరు, నీడ ఉండాలి. జాతరల అంగళ్ల కేటాయింపు సుప్రీంకోర్టు చెప్పినట్టు మతభేదం లేకుండా జరగాలి. సారపాక వంటి ఊళ్లలో పిల్లలకు ఆటస్థలం, గ్రంథాలయం, సాయంత్రం కూర్చునేందుకు గోదావరి గట్టున ఒక తోట ఉండాలి; సంతోషం కోసం ప్రతివారూ మహానగరం దాకా పోవలసిన గతి పట్టరాదు.

మసీదు కమిటీలు, యువజన సంఘాలు ఈ వేసవిలో ఒక్కొక్క విహారయాత్ర ఏర్పాటు చేయాలని మా విజ్ఞప్తి. అనాథలను, వితంతువుల బిడ్డలను ముందు వరుసలో కూర్చోబెట్టండి. పక్కింటి హిందూ, క్రైస్తవ, ఆదివాసీ పిల్లలను కూడా పిలవండి. మొహర్రంలో పీర్లను ఎత్తుకునే చేతులు, నెల్లూరు బారాషహీద్ దర్గా చెరువులో రొట్టెలు మార్చుకునే చేతులు అన్ని మతాలవీ అయినప్పుడు, మన బస్సులో వారికి చోటు లేకుండా ఎలా ఉంటుంది?

హక్కు వాడుకుంటేనే నిలుస్తుంది. ధర్నాచౌక్‌లో కూర్చున్నంత దీక్షగా ఉద్యానవనంలో కూడా కూర్చుందాం. మన ఆడపిల్లలు చార్మినార్ ముందు ఐస్‌క్రీం తింటూ నిర్భయంగా నవ్వే సాయంత్రం కోసం చేసే ప్రయత్నం ఏ ఉద్యమానికీ తీసిపోదు. పాఠకులందరికీ వేసవి సెలవుల శుభాకాంక్షలు.