ఎక్కించుకున్నాక అందరూ ప్రయాణికులే



షేర్ ఆటో బోల్తా పడిన ప్రతిసారీ మా వైపు రెండు మాటలు వినిపిస్తాయి. "అంతమందిని కుక్కితే పడదా మరి" అన్నది ఒకటి. "ఓవర్‌లోడు కదా, ఇన్సూరెన్స్ రాదులే" అన్నది రెండోది. మొదటిదానితో నాకు పేచీ లేదు. రెండోది మాత్రం తప్పు. ఆ తప్పుడు మాట నమ్మే తెనాలి, రేపల్లె, బాపట్ల పల్లెల్లో కొన్ని కుటుంబాలు కోర్టు మెట్లు ఎక్కకుండానే, పెద్దమనుషుల ముందు లక్షకో రెండు లక్షలకో రాజీ కాగితం మీద వేలిముద్ర వేసి ఇంటికి పోతున్నాయి. ప్లీడరు గుమాస్తాగా మోటారు ప్రమాదాల కట్టలు చాలా ఏళ్ళు మోసినవాణ్ణి. ఆ చనువుతో రాస్తున్నాను.

2025 ఫిబ్రవరి 17న నారాకోడూరు, బుడంపాడు మధ్య కూలీల ఆటోకీ ఆర్టీసీ బస్సుకీ జరిగిన ప్రమాదంలో చేబ్రోలు మండలం సుద్దపల్లి మహిళలు ముగ్గురు చనిపోయారు. తెనాలి నుంచి గుంటూరు వెళ్ళే ప్రతివాళ్ళకీ తెలిసిన రోడ్డే అది. అలాంటి రోజున ఊరంతా కదులుతుంది, నాయకులు వస్తారు, ఎక్స్‌గ్రేషియా ప్రకటిస్తారు. మంచిదే. కానీ ఎక్స్‌గ్రేషియా అందితే పరిహారం అందేసినట్టేనని జనం అనుకుంటారు. ఆ రెంటికీ సంబంధం లేదు. ప్రభుత్వం ఏం ఇచ్చినా ఇవ్వకపోయినా, మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ కింద ట్రిబ్యునల్లో దరఖాస్తు వేసే హక్కు అలాగే ఉంటుంది.

ఓవర్‌లోడు సంగతికి వస్తాను. ఇక్కడే అసలు గజిబిజి. మామూలు ఆటోకి పర్మిట్ డ్రైవరు కాక ముగ్గురికి. నాట్లప్పుడు, మిరప కోతలప్పుడు అందులో పది పన్నెండు మంది ఉంటారు. మరి పాలసీ ముగ్గురికే అయితే మిగతావాళ్ళ గతేమిటి? 2007లో అంజనా శ్యామ్ కేసులో సుప్రీంకోర్టు ముందుకు ఇదే ప్రశ్న వచ్చింది. 42 మంది ఎక్కాల్సిన బస్సులో 90 మంది దాకా ఉన్నారు. ఇన్సూరెన్స్ కంపెనీ బాధ్యత 42 మందికే అని కోర్టు చెప్పింది. కానీ ఆ 42 మంది ఎవరో చీటీలు వేసి తేల్చమనలేదు. అందరికీ పరిహారం లెక్కకట్టి, వాటిలో పెద్దవైన 42 మొత్తాలు కూడి, ఆ డబ్బు అందరికీ దామాషాగా పంచాలంది. మిగిలింది ఓనరు నుంచి రాబట్టుకోవాలి. అంటే ఓవర్‌లోడు వల్ల వచ్చే డబ్బు తగ్గొచ్చు గానీ, "రాదు" అన్నది అబద్ధం. 2011లో కె.ఎం. పూనమ్ కేసులో అదే కోర్టు ఇంకో అడుగు ముందుకు వేసింది. మొత్తం పరిహారం ముందు కంపెనీయే జమ చేసి, పాలసీ పరిధి దాటిన భాగాన్ని తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకోవాలని ఆదేశించింది. ఈ తీర్పును పిటిషన్‌లో ఎత్తి చూపని కేసులు నేను చూశాను. అడగనిదే అమ్మయినా పెట్టదు.

ఇంకో సంగతి. ఆటో దానంతట అది పల్టీ కొట్టకుండా, లారీయో బస్సో ఢీకొట్టి ఉంటే ఈ సీట్ల గొడవ సగం తీరిపోతుంది. ఆ రెండో బండికి ఆటోలోని వాళ్ళంతా బయటివాళ్ళే, థర్డ్ పార్టీలే. ముగ్గురా పన్నెండుమందా అన్న లెక్క దాని పాలసీకి పట్టదు. రెండు బండ్ల తప్పూ ఉన్నప్పుడు ప్రయాణికుడు ఎవరి మీదైనా మొత్తం పరిహారం కోరవచ్చని 2015లో ఖెన్యేయ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. అందుకే ఎఫ్ఐఆర్‌లో ఏం రాస్తున్నారన్నది అంత ముఖ్యం. స్పృహలో లేని మనిషి తరఫున ఎవరో చుట్టం ఫిర్యాదు ఇస్తాడు, రైటరు "ఆటో డ్రైవరు అతివేగం, అజాగ్రత్త" అని రాసుకుపోతాడు, లారీ నంబరు ఒక మూల ఉండిపోతుంది. ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకుని అవతలి కంపెనీ ఏళ్ళ తరబడి వాదిస్తుంది. సంతకం పెట్టేముందు చదివించుకోండి.

రాజీలో ఎంత పోతోందో ఒక లెక్క వేసి చూపిస్తాను. 38 ఏళ్ళ కూలీ మనిషి, నెలకు 10,000 సంపాదన, భర్త లేడు, ముగ్గురు పిల్లలు, ముసలి తల్లి. 2017 నాటి ప్రణయ్ సేథి తీర్పు ప్రకారం, సొంతంగా బతికే నలభై లోపు మనిషికి భవిష్యత్ సంపాదన కింద 40 శాతం కలపాలి, 14,000 అవుతుంది. ఆమె సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తే 10,500. ఏడాదికి 1,26,000. ఆ వయసుకి 2009 సరళా వర్మ తీర్పులోని గుణకం 15. మొత్తం 18,90,000 రూపాయలు, అంత్యక్రియల ఖర్చు వగైరా కాకుండా. ట్రిబ్యునల్ ఆదాయాన్ని కొంత తగ్గించి లెక్కకట్టిందనుకున్నా, రచ్చబండ మీద తేల్చే మొత్తం దాని దరిదాపుల్లోకి రాదు. తప్పెవరిదో రుజువు చేయలేని స్థితిలో కూడా 164వ సెక్షన్ కింద మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు వస్తాయి. గుద్ది పారిపోయిన బండి దొరక్కపోతే 2 లక్షలు, 50,000. ఇవన్నీ 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నవే.

అదే రోజు నుంచి ఇంకో మెలిక కూడా వచ్చింది. దరఖాస్తు ఆరు నెలల్లోపే వేయాలట. చదువుకున్నవాళ్ళే ఆసుపత్రి నుంచి తేరుకోవడానికి ఆరు నెలలు పడుతుంది, కూలీవాళ్ళ సంగతి చెప్పాలా? ఈ గడువు మీద వివాదం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. ఆలస్యమైందన్న కారణంతో దరఖాస్తులు కొట్టేయవద్దని 2025 నవంబరులో మధ్యంతర ఉత్తర్వు వచ్చింది. అయినా దాన్ని నమ్ముకుని కూర్చోవద్దనే నా సలహా.

నిజానికి కొత్త నిబంధనల్లో బాధితుడికి అనుకూలమైనవీ ఉన్నాయి. ప్రమాదం జరిగిన 48 గంటల్లో పోలీసులు మొదటి నివేదికను ట్రిబ్యునల్‌కు పంపాలి. బాధితుల హక్కులేమిటో చెప్పే ఫారం-2ను పది రోజుల్లో వాళ్ళ చేతికి ఇవ్వాలి. దీన్ని గట్టిగా అమలు చేయమని 2022 డిసెంబరులో గోహర్ మహమ్మద్ కేసులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఆ ఫారం తెలుగులో, చదవగలిగేంత అక్షరాలతో, ఎంతమంది చేతికి అందుతోందో గుంటూరు, బాపట్ల జిల్లాల ఎస్పీలు ఒకసారి స్టేషన్లలో తనిఖీ చేయించాలి. పోలీసుల కాగితం రాకముందే ఆసుపత్రి గేటు దగ్గర పర్సంటేజీ ఏజెంట్లు దిగిపోతున్నారు. వాళ్ళకు మాత్రం 48 గంటలు కూడా అక్కర్లేదు.

ఆటో ఓనర్లకూ ఒక మాట. బండి అమ్మి, తెల్లకాగితం రాసుకుని, ఆర్సీ మార్చకుండా వదిలేసేవాళ్ళు మనలో కొల్లలు. ఆర్సీలో ఎవరి పేరుంటే వాళ్ళే ఓనరని 2018లో నవీన్ కుమార్ కేసులో తేలిపోయింది. ఎప్పుడో అమ్మిన ఆటోకి మీ ఇంటికి నోటీసు వస్తుంది. డ్రైవర్లకు ఊరట కూడా ఉంది. మామూలు లైట్ వెహికల్ లైసెన్స్‌తో 7,500 కిలోల లోపు రవాణా బండి నడపవచ్చని 2024 నవంబరులో రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది కాబట్టి, ఆ వంకతో కంపెనీ తప్పించుకోవడం ఇక కుదరదు. ఆదివారాలు సూర్యలంక బీచ్‌కు తెల్ల నంబరు ప్లేటు కార్లు కిరాయికి తిప్పేవాళ్ళ పరిస్థితి అలా కాదు. పర్మిట్ లేని కిరాయి పాలసీ షరతుకు విరుద్ధం. కోర్టు బాధితుడికి కంపెనీ చేత ఇప్పించినా, ఆ డబ్బు చివరికి కారు యజమాని నెత్తిన పడుతుంది.

యాప్‌లో బండి పిలిచి ఎక్కేవాళ్ళకు కనీసం 5 లక్షల బీమా ఉండాలని కేంద్రం 2025 జూలై మార్గదర్శకాల్లో పెట్టింది. కాలిఫోర్నియాలో ఉబర్ ఎక్కే మన పిల్లలకు, ప్రయాణం సాగుతున్నంతసేపూ 10 లక్షల డాలర్ల బాధ్యతా బీమా ఉంది. రేపల్లె బస్టాండు దగ్గర షేర్ ఆటో ఎక్కే వాళ్ళమ్మకు ఏముంది? మూడు సీట్ల పాలసీలో పన్నెండో వంతు. రాష్ట్ర ప్రభుత్వం 2025 అక్టోబరు నుంచి ఆటో డ్రైవర్లకు ఏడాదికి 15,000 ఇస్తోంది. ఇవ్వడాన్ని నేను తప్పుపట్టను, బండి మీద బతికేవాడి ఖర్చులు నాకు తెలుసు. అయితే అందులో కొంత ఆ బండి పేరిట ప్రయాణికుల బీమాకు నేరుగా కట్టేస్తే, పోయేది ప్రభుత్వానికి ఏమీ లేదు. కూలీల కాలంలో పది మందిని ఎక్కించుకుంటున్నారని రవాణా శాఖకు తెలియంది కాదు. కళ్ళు మూసుకోదలచుకుంటే, బీమా అయినా పది మందికీ ఉండేలా చూడాలి. లేదంటే తెనాలి, చెరుకుపల్లి, బాపట్ల రూట్లలో ఉదయం ఆరింటికి, సాయంత్రం ఆరింటికి పల్లెలను కలిపే బస్సులు వేయాలి. రెండింట్లో ఏదీ చేయకుండా "ఎందుకెక్కారు" అని అడిగే హక్కు ఎవరికీ లేదు.

ఈ ఉత్తరం చదివినవాళ్ళు ఒక పని చేయండి. మీ ఊళ్ళో ప్రమాదం పాలైన కుటుంబం ఉంటే, రాజీ కాగితం మీద సంతకం పెట్టకముందే వాళ్ళను న్యాయసేవా కమిటీకి తీసుకెళ్ళండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా అక్కడ ప్లీడరును ఉచితంగా ఇస్తారు. ఫోను నంబరు 15100. ప్రమాదం ఎక్కడ జరిగినా, కేసు మీరు ఉండే చోటి ట్రిబ్యునల్లో వేసుకోవచ్చు.

ఇట్లు,
విశ్రాంత ప్లీడరు గుమాస్తా,
తెనాలి.