ఇంటికి చేరని చదువు

నైట్రిక్ ఆక్సైడ్ అనగానే మనకు గుర్తొచ్చేది వాయు కాలుష్యం పాఠం. వాహనాల పొగలో వచ్చే విషవాయువు అని రాసి మార్కులు తెచ్చుకున్నాం. అదే వాయువు మన శరీరంలోనూ ప్రతి క్షణం తయారవుతోంది.

రక్తనాళాల లోపలి పొర ఆర్జినైన్ అనే అమైనో ఆమ్లం నుంచి దీన్ని తయారు చేస్తుంది. కొన్ని సెకన్లే నిలుస్తుంది. ఆలోపే పక్కనున్న కండరాన్ని సడలించి నాళాన్ని వెడల్పు చేస్తుంది. రక్తపోటు అదుపులో ఉండటానికి, నాళాల్లో రక్తం గడ్డకట్టకుండా ఉండటానికి ఇది తోడ్పడుతుంది. ఈ సంగతులు కనిపెట్టిన ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు 1998లో నోబెల్ బహుమతి వచ్చింది.

డైనమైట్‌లో వాడే నైట్రోగ్లిజరిన్ గుండెనొప్పిని ఎలా తగ్గిస్తుందో వందేళ్లు ఎవరికీ తెలియలేదు. అది నైట్రిక్ ఆక్సైడ్‌ను విడుదల చేస్తుందని 1977లో ఫెరిద్ మురాద్ చూపించారు. ఆయన తండ్రి అమెరికాకు వలసవెళ్లి చిన్న హోటల్ నడిపినవాడు, పెద్దగా చదువుకోనివాడు. ఆ హోటల్లో పనిచేస్తూనే మురాద్ చదువుకున్నారు.

ఇంత పనికొచ్చే విషయం మన నోట్సులోనే ఆగిపోకూడదని మా అభిప్రాయం. మన ఇళ్లలో చుట్టలు, బీడీలు తాగే పెద్దలున్నారు. పొగ దెబ్బతీసేది ఆ లోపలి పొరనే. వాయువు తగ్గిపోతుంది, నాళాలు బిరుసెక్కుతాయి. బీడీకట్ట మీది హెచ్చరిక చదవలేనివాళ్లకు ఈ మాట మనం గాక ఎవరు చెబుతారు?

"నాలుగు అక్షరాలు రాగానే మాకే నీతులా?" అంటారని కొందరు మిత్రుల సంకోచం. నీతి వద్దు, సంగతి చెబుదాం. కాలువ పూడితే మడికి నీరందదని వాళ్లకు మనకంటే బాగా తెలుసు. గుండెకు వెళ్లే కాలువ సంగతీ అంతేనని చెబితే అర్థమవుతుంది. డాక్టరు నాలుక కింద పెట్టుకోమన్న మాత్రను మింగితే సరిగా పనిచేయదనీ చెప్పాలి.

మనమూ ఒకటి పాటించాలి. తోటకూర, పాలకూరల్లోని నైట్రేట్ల నుంచి కూడా శరీరం ఈ వాయువును తయారు చేసుకుంటుంది. మెస్సులో ఆకుకూర పప్పును పళ్లెం అంచుకు నెట్టేసేవాళ్లు ఈసారి తిని చూడండి.

మిత్రులారా! మనల్ని చదివించడానికి వాళ్లు కాయకష్టం చేశారు. ఆ చదువులో వాళ్ల ప్రాణానికి పనికొచ్చే ముక్క ఉంటే అది ముందు వాళ్లకే చేరాలి. ఈ సెలవులకు ఇంటికెళ్లినప్పుడు మార్కులతో పాటు ఈ మాట కూడా చెబుదాం.