ఆడేది వాళ్లు.. చూసేది మన పిల్లలు!

ఫోన్‌లో గేమ్ ఆడుతున్నాడంటే సరే. ఎవరో ఆడుతుంటే గంటలకొద్దీ చూడటమేంటి? మీ ఇంట్లోనూ ఈ ప్రశ్న వచ్చే ఉంటుంది.

నిజానికి ఇది కొత్త సరదా కాదు. సంక్రాంతికి అశ్వారావుపేట, సత్తుపల్లి వైపు నుంచి పక్క రాష్ట్రంలోని కోడిపందేల బరుల దగ్గరికి వెళ్లేవారిలో ఎంతమందికి సొంత పుంజు ఉంటుంది? క్రికెట్ చూసే మనం బ్యాట్ పట్టి ఎన్నేళ్లయింది? ఆటగాడి నేర్పు, ఎవరు గెలుస్తారన్న ఉత్కంఠ, పక్కన నలుగురి కేకలు.. చూడటంలోని మజా ఇదే. గేమ్ వీడియోల్లోనూ ఇదే ఉంది. ఇలా చూసేవారిని నమ్ముకునే 2014లో అమెజాన్ సంస్థ ట్విచ్‌ను దాదాపు 97 కోట్ల డాలర్లకు కొనేసింది.

అంతకుమించిన ఆకర్షణ ఒకటుంది. అది తోడు. లైవ్‌లో ఆడే వ్యక్తి కబుర్లు చెబుతాడు, పేరు చదివి పలకరిస్తాడు. చూసేవారికి అతను దగ్గరి స్నేహితుడే. అతనికి మాత్రం వీళ్లెవరో తెలియదు. ఈ ఏకపక్ష స్నేహాన్ని అమెరికా పరిశోధకులు డొనాల్డ్ హార్టన్, రిచర్డ్ వోల్ 1956లోనే టీవీ ప్రేక్షకుల్లో గుర్తించారు. మే నెలలో 44, 45 డిగ్రీల ఎండ కాసే ఖమ్మం, కొత్తగూడెంలో పిల్లలు పగలంతా ఇంట్లోనే ఉంటారు. భద్రాచలం దాటితే ఊరికీ ఊరికీ మధ్య అడవి. హాస్టల్ నుంచి సెలవులకు వచ్చిన పిల్లాడికి దగ్గర్లో స్నేహితులే ఉండరు. ఆ ఖాళీలోకి ఫోన్ వస్తుంది.

చిక్కు ఎక్కడ?

క్రికెట్ మ్యాచ్‌కు ముగింపు ఉంటుంది. వీడియోలకు ఉండదు. ఒకటి అయ్యేలోపే ఇంకోటి మొదలవుతుంది. ముందు పోయేది నిద్ర. ఆ తర్వాత చదువు, ఆకలి, మాట.

రెండోది డబ్బు. బరి దగ్గర చూడటానికి వెళ్లినవాళ్లే పై పందెం కాసినట్టు, వీడియో కింది లింకుల నుంచి బెట్టింగ్‌లోకి జారే ప్రమాదం ఉంది. బెట్టింగ్ యాప్‌లను ప్రచారం చేశారంటూ 2025 మార్చిలో హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు పలువురు ఇన్‌ఫ్లుయెన్సర్లు, సినీ నటులపై కేసులు పెట్టారు. ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను, వాటి ప్రకటనలను నిషేధిస్తూ చట్టం చేసింది. కానీ మామూలు గేమ్ వీడియోలకు ఆ నిషేధం వర్తించదు. అర్ధరాత్రి దాకా చూసే అలవాటును ఏ చట్టమూ ఆపలేదు. అది ఇంట్లోనే తేలాలి.

మీరేం చేయొచ్చు?

* ఫోన్ లాక్కునే ముందు ఒకసారి పక్కన కూర్చుని చూడండి. ‘ఇతనెవరు? ఇందులో నీకేం నచ్చింది?’ అని అడగండి. తనకు తోడు కావాలో, ఆట మెలకువలు కావాలో మీకే తెలుస్తుంది.
* ముగింపును మీరే పెట్టండి. ఆటోప్లే ఆపేయండి. ‘ఈ ఒక్క మ్యాచ్ అయ్యాక’ అన్న ఒప్పందం ‘ఇక చాలు’ అన్న అరుపు కంటే బాగా పనిచేస్తుంది.
* 5-10 ఏళ్ల పిల్లలకు అన్ని స్క్రీన్లూ కలిపి రోజుకు 2 గంటల లోపే ఉండాలని భారతీయ పిల్లల వైద్యుల సంఘం సూచిస్తోంది. వయసెంతైనా నిద్రకు గంట ముందు ఫోన్ పడకగదిలో ఉండకూడదు.
* యూపీఐ పిన్ పిల్లలకు తెలియనివ్వకండి.
* ఎండ తగ్గాక సాయంత్రం ఆడుకోవడానికి తోడు పిల్లలను మీరే పోగుచేయండి.

ఎప్పుడు సాయం తీసుకోవాలి?

2022 నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో ‘గేమింగ్ డిజార్డర్’కు మూడు గుర్తులున్నాయి. అదుపు తప్పడం, మిగతా పనులన్నిటికంటే ఆటే ముఖ్యమవడం, నష్టం జరుగుతున్నా మానలేకపోవడం. సాధారణంగా ఏడాది పాటు ఇలా ఉంటేనే జబ్బుగా పరిగణిస్తారు. అది ఆడేవారి గురించి చెప్పిందే అయినా, చూసేవారిలో కనిపించినా తేలిగ్గా తీసుకోవద్దు. ఏడాది దాకా ఆగకుండా 14416కు ఫోన్ చేయండి. ప్రభుత్వ టెలీ మానస్ సేవ ఇది. ఉచితం, 24 గంటలూ అందుబాటులో ఉంటుంది. అడవి అంచు ఊళ్లో ఉన్నా మానసిక నిపుణుల సలహా ఫోన్‌లోనే దొరుకుతుంది.